తుపాకి లైసెన్సుకు ఏమేం కావాలె, సార్?

రిటైరై ఇంట్లో కూచున్నా ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. కలెక్టరేట్‌లో సి సెక్షన్ అంటే మేజిస్టీరియల్ వ్యవహారాలు చూసే సెక్షన్. సినిమా హాళ్ళు, పటాకుల దుకాణాలు, క్వారీల పేలుడు మందు, తుపాకులు, అన్నింటి ఫైళ్ళూ అక్కడికే వస్తాయి. నల్లగొండలో కొన్నాళ్ళు, పాలమూరులో కొన్నాళ్ళు ఆ సీట్లో పనిచేశాను. ఆ సంగతి తెలిసినవాళ్ళు పెళ్ళి భోజనాల దగ్గర కూడా పక్కన చేరి, గొంతు తగ్గించి అడుగుతారు.

ఈమధ్య అడిగినాయన ప్లాట్ల వ్యాపారి. "నా మీద చానామంది కన్నున్నది సార్. నడుముకు ఒకటుంటే ధీమా" అన్నాడు. ఎవరి నుంచి భయం అని అడిగాను. పేరు చెప్పలేదు. స్టేషన్‌లో ఎప్పుడైనా దరఖాస్తు ఇచ్చినవా అంటే, "అంతదాంక పోలే" అన్నాడు. ఇంకాస్త మాట్లాడాక అసలు సంగతి బయటపెట్టాడు: "నిజం చెప్పాల్నంటే, గన్ ఉంటే నలుగుర్ల విలువుంటది సార్."

దాచుకోకుండా చెప్పినందుకు ఆయన మీద నాకు కోపం రాలేదు. కాకపోతే ఆయన మాటలో రెండు వేర్వేరు విషయాలు కలగలిసిపోయాయి. ప్రాణం కాపాడుకోవడం ఒకటి, తుపాకి పెట్టుకోవడం ఇంకొకటి. మన చట్టం మొదటిదాన్ని హక్కు అంటుంది. రెండోదాన్ని అనుమతి అంటుంది. చాలామందికి ఈ తేడా తెలియదు.

ఫైలు ఎట్లా నడుస్తుంది

మన దేశంలో తుపాకుల సంగతి తేల్చేది 1959 ఆయుధాల చట్టం, దాని కింద వచ్చిన 2016 నిబంధనలు. దరఖాస్తుదారుకు 21 ఏళ్ళు నిండాలి. దరఖాస్తుతో పాటు ఆరోగ్య ధ్రువపత్రం, తుపాకిని భద్రంగా వాడటంలో శిక్షణ పొందినట్టు సర్టిఫికెట్ పెట్టాలి. ఫైలు పోలీసుల దగ్గరికి పోతుంది. మనిషి మీద కేసులున్నాయా, ఇంట్లో గొడవలున్నాయా, ఊళ్ళో పగలున్నాయా, చెప్పుకుంటున్న ముప్పు నిజమేనా అని వాళ్ళు విచారించి రిపోర్టు ఇస్తారు. జిల్లాలో అయితే కలెక్టరు, కమిషనరేట్ పరిధిలో అయితే పోలీసు కమిషనరు నిర్ణయం తీసుకుంటారు. కాదంటే అప్పీలు చేసుకోవచ్చు. 9 ఎంఎం పిస్టల్, .303 రైఫిల్ లాంటివి నిషేధిత బోర్ కిందికి వస్తాయి. అవి జిల్లా చేతిలో లేవు, కేంద్ర హోం శాఖ దాకా పోవాలి. మామూలు మనిషికి దొరికేది .32 రివాల్వరో, .315 రైఫిలో, 12 బోర్ తుపాకో.

2019లో చట్టాన్ని బిగించారు. అంతకుముందు ఒక మనిషి దగ్గర 3 తుపాకులు ఉండొచ్చు, ఇప్పుడు 2 మాత్రమే. లైసెన్సు గడువును మాత్రం 3 ఏళ్ళ నుంచి 5 ఏళ్ళకు పెంచారు. పెళ్ళి బరాతులోనో పండుగనాడో సంబరానికి గాల్లోకి కాల్చి ఇతరుల ప్రాణాలను ప్రమాదంలో పెడితే 2 ఏళ్ళ దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. నడుముకు తుపాకి పెట్టుకుని రీల్స్ తీసుకునే పిల్లలు, వాళ్ళ మామలు ఇది ఒకటికి రెండుసార్లు చదువుకోవాలి.

అదే చట్టంలో 14వ సెక్షన్ కింద ఒక చిన్న వాక్యం ఉంది. తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో ఎవరికీ లైసెన్సు నిరాకరించకూడదు అని. కాగితం మీద బాగుంది. నేను తిరగేసిన రిజిస్టర్లలో మాత్రం ఆ వాక్యం జాడ పెద్దగా కనిపించేది కాదు. పాత పటేల్, పట్వారీ కుటుంబాలు, రైస్‌మిల్లుల వాళ్ళు, కాంట్రాక్టర్లు, మాజీ ప్రజాప్రతినిధులు, ఈ మధ్యకాలంలో రియల్ ఎస్టేట్ వాళ్ళు. వీళ్ళు కాక బ్యాంకుల ముందు డబుల్ బ్యారెల్ పట్టుకుని నిలబడే మాజీ సైనికులు. వాళ్ళకు అది బతుకుదెరువు. కూలి మనిషి పేరు, ఒంటరి ఆడమనిషి పేరు వెతికితేగాని దొరకదు. దాడి జరిగే అవకాశం ఎవరి మీద ఎక్కువో, తుపాకి ఎవరి దగ్గర ఉందో, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే లెక్క కుదరదు.

గడి తుపాకి, సంగం తుపాకి

ఈ లెక్క మన జిల్లాలకు కొత్తది కాదు. నిజాం కాలంలో తుపాకి ఉండేది దొర గడిలో, పోలీసు నాకాలో. ఊరి దగ్గర ఉన్నది గుత్పలు, వడిసెలలు, రోకలిబండలు, కారంపొడి. ఆంధ్ర మహాసభ ఊళ్ళలో పాతుకుపోయాక జనం దానికి గుత్పల సంగం అని పేరు పెట్టింది ఊరికే కాదు. 1946 జూలై 4న, అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకా కడవెండిలో సంగం ఊరేగింపు మీద విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు తుపాకులు పేల్చారు. ముందు నడుస్తున్న దొడ్డి కొమరయ్య అక్కడికక్కడే చనిపోయాడు. ఫిర్యాదు చేయడానికి స్టేషన్ లేదా అంటే ఉంది, కానీ అది దొర మాట వినే స్టేషన్. పాలమూరు వైపు కూడా అంతే. 1947 అక్టోబరులో ఆత్మకూరు దగ్గరి అప్పంపల్లిలో పోలీసు కాల్పులకు రైతులు బలయ్యారు.

1947 సెప్టెంబరు 11న కమ్యూనిస్టు నాయకులు రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. గడుల మీద, నాకాల మీద పడి గుంజుకున్న తుపాకులు, ఊళ్ళలో దొరికిన భర్మార్లు (మూతి నుంచి మందు కూరే నాటు తుపాకులు) దళాల చేతికొచ్చాయి. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆ తుపాకి ఏ ఒక్కరి సొత్తూ కాదు. అది సంగానిది. మోసేవాడు ఎవరికో ఒకరికి జవాబు చెప్పుకోవాలి. ఆత్మరక్షణ అంటే అక్కడ ఒంటరి మనిషి తన ఇంటి తలుపు వెనక చేసేది కాదు, ఊరంతా కలిసి చేసేది.

దాని బలం, దాని పరిమితి రెండూ బైరాన్‌పల్లిలో కనిపిస్తాయి. ఇప్పుడది సిద్దిపేట జిల్లాలో ఉంది, అప్పుడు నల్లగొండ జిల్లానే. ఊరి మధ్య బురుజు ఇప్పటికీ నిలిచి ఉంది. రాయీ మట్టీ కలిపి కట్టిన గుండ్రటి గోడ. కింద నిలబడి తల ఎత్తితే, నాలుగు దిక్కులా ఎంత దూరం నుంచి వచ్చేవాళ్ళు పైనున్నవాళ్ళకు కనబడేవాళ్ళో అర్థమవుతుంది. గ్రామ రక్షక దళం దాని మీద కాపలా పెట్టి, నిజాం పక్షాన ఊళ్ళ మీద పడే రజాకార్లను నాటు తుపాకులతో ముందు నిలువరించింది. దెబ్బతిన్నవాళ్ళు 1948 ఆగస్టు 27న సైన్యం లాంటి బలగంతో తిరిగొచ్చారు. ఒక్క ఊళ్ళో ఒక్క రోజు వంద మందికి అటూ ఇటూగా చనిపోయారు. మగవాళ్ళను వరసగా నిలబెట్టి కాల్చారు.

మూడు వారాలు తిరక్కుండానే, సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చింది. 17న నిజాం లొంగిపోయాడు. అప్పటి నుంచి ఆయుధాలు దించాలా వద్దా అన్న వాదన కమ్యూనిస్టు పార్టీలోనే మొదలైంది. దించాలన్న వాళ్ళలో పిలుపునిచ్చిన రావి నారాయణరెడ్డి కూడా ఉన్నారు. 1951 అక్టోబరులో పోరాటం విరమించారు. 1952 ఎన్నికల్లో ఆయన నల్లగొండ నుంచి పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) తరఫున నిలబడి, నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు వెళ్ళారు. తుపాకి పట్టమన్న నాయకుణ్ణి, పట్టిన జనం కొన్నేళ్ళలోనే ఓటుతో పంపించారు. వినే స్టేషన్ లేనప్పుడు ఆయుధం, వినే సభ దొరికినప్పుడు ఓటు. ఆ తరం నాకు చెప్పిన పాఠం ఇదే.

రాజ్యాంగం ఎందుకు ఒప్పుకోలేదు

బ్రిటిష్ వాళ్ళు 1878లో ఆయుధాల చట్టం తెచ్చి జనం చేతుల్లోంచి తుపాకులు తీసేశారన్న కోపం జాతీయోద్యమంలో బలంగా ఉండేది. అందుకే 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానించిన ప్రాథమిక హక్కుల్లో, నిబంధనలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కు కూడా చేరింది. 1948 డిసెంబరు మొదటి రోజుల్లో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ ఆ మాట గుర్తుచేస్తూ దాన్ని రాజ్యాంగంలో పెట్టాలని సవరణ తెచ్చారు. అంబేద్కర్ ఒప్పుకోలేదు. బైరాన్‌పల్లి జరిగి అప్పటికి మూడు నెలలు. మతకల్లోలాల గాయాలు పచ్చిగా ఉన్న దేశంలో ఆయుధాన్ని అందరి హక్కు చేయడానికి సభ సిద్ధంగా లేదు. చివరికి 19వ అధికరణంలో మిగిలింది, ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కు. 2023లో సుప్రీంకోర్టు లైసెన్సు లేని తుపాకుల విషయం తనంతట తాను పట్టించుకున్నప్పుడు కూడా ఇదే గుర్తుచేసింది. తుపాకి కలిగి ఉండటం అమెరికాలో లాగా ఇక్కడ ప్రాథమిక హక్కు కాదని.

మరి మీకు ఉన్న హక్కేమిటి

తుపాకి హక్కు లేదంటే చేతులు కట్టేసినట్టు కాదు. 1860 నాటి శిక్షాస్మృతిలో 96 నుంచి 106 దాకా ఉన్న సెక్షన్లే 2024 జూలై 1 నుంచి భారత న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా ఉన్నాయి. మీ ఒంటి మీదికి, ఇంకొకరి ఒంటి మీదికి, మీ ఆస్తి మీదికి దాడి వస్తే ఎదుర్కోవచ్చు. అది నేరం కాదు. చంపుతాడన్న భయం, తీవ్రంగా గాయపరుస్తాడన్న భయం, అత్యాచారం, ఎత్తుకుపోవడం, యాసిడ్ దాడి లాంటి పరిస్థితుల్లో ఎదుర్కోవడంలో దాడి చేసినవాడి ప్రాణం పోయినా చట్టం కాపాడుతుంది. దోపిడీ, రాత్రిపూట ఇల్లు పగలగొట్టి చొరబడటం, నివాసానికి నిప్పు పెట్టడం కూడా ఆ కోవలోకే వస్తాయి.

షరతులు మాత్రం గట్టివి. ప్రభుత్వ సాయం కోరేంత వ్యవధి ఉన్నప్పుడు ఈ హక్కు లేదు. ఆపడానికి ఎంత అవసరమో అంతకు మించి హాని చేయకూడదు. ముప్పు తప్పిపోయాక హక్కూ అయిపోయినట్టే. పారిపోతున్న దొంగను వెంటబడి నరికితే అది ఆత్మరక్షణ కాదు, కక్ష. ఎదురుదెబ్బను తరాజులో పెట్టి తూచలేమని, ఆ క్షణంలో మనిషి పడ్డ భయాన్ని బట్టే చూడాలని 2010లో దర్శన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కర్ర అయినా, రోకలి అయినా, లైసెన్సు తుపాకి అయినా సూత్రం ఒకటే.

పందులు, పల్లి చేన్లు

ఇక అచ్చంపేట, అమ్రాబాద్ వైపు నుంచి వచ్చే ఫైళ్ళ కథ వేరు. ఒకసారి ఒక తండా నుంచి ముసలాయన వచ్చాడు. గుడ్డలో చుట్టిన లైసెన్సు పుస్తకం బల్ల మీద పెట్టాడు. అంచులు చెదలు తిన్నాయి. లోపల ఎస్‌బీఎంఎల్ అని రాసి ఉంది, అంటే గొట్టం మూతి నుంచి మందు కూరి పేల్చే ఒంటి గొట్టం తుపాకి. "మా నాయినది సారూ. ఆయన పోయి చానా ఏండ్లాయె. అది పేల్తదో లేదో కూడ తెల్వదు. పందులొచ్చి పల్లి చేనంత తవ్విపోస్తున్నయి. మంచె మీద కూసోని డబ్బా కొట్టుడే అయితున్నది రాత్రంత" అన్నాడు. వారసుడిగా లైసెన్సు తన పేర మార్చుకోవచ్చని తెలియక, దొరికిపోతే జైలంటారని భయపడి అన్నాళ్ళు ఇంటి కొప్పులో దాచాడు.

పంట కాపలాకు మూతి నుంచి మందు కూరే తుపాకికి లైసెన్సు ఇవ్వవచ్చని 13వ సెక్షన్‌లోనే ఉంది. చట్టం రైతును మర్చిపోలేదు. కానీ ఆ తుపాకితో పందిని కాలిస్తే 1972 వన్యప్రాణి రక్షణ చట్టం అడ్డం వస్తుంది. మీద పడ్డ జంతువును ప్రాణం కాపాడుకోవడానికి చంపితే నేరం కాదని ఆ చట్టమే అంటుంది, చేను కాపాడుకోవడానికి మాత్రం మనంతట మనం కాల్చడానికి లేదు. దాంతో ఆయన లైసెన్సు పేలిన చప్పుడు వరకే పనికొస్తుంది. ఈ చిక్కుముడి తెగక రైతులు చేను చుట్టూ కరెంటు తీగ పెడుతున్నారు. తుపాకికైనా లైసెన్సు ఉంది, కరెంటు తీగకు అదీ లేదు. తెల్లారి నీళ్ళు పెట్టడానికి వచ్చిన సొంత మనిషే దానికి తగిలి చనిపోయిన వార్తలు ఏటా చూస్తున్నాం. ఇక్కడ కావలసింది మరిన్ని తుపాకులు కాదు. పంట నష్టానికి వెంటనే పరిహారం, అటవీశాఖ వేసే కంచె.

తుపాకి ఉంటే ప్రాణం ఉంటుందా

ఎన్నికల కోడ్ వచ్చిందంటే మా సెక్షన్‌కు నిద్ర ఉండదు. లైసెన్సు ఉన్నవాళ్ళు ఆయుధాలు స్టేషన్‌లోనో, గుర్తింపు ఉన్న డీలర్ దగ్గరో డిపాజిట్ చేయాలి. బ్యాంకు గార్డుల లాంటి వాళ్ళకు మినహాయింపు. స్టేషన్ మాల్‌ఖానాలో గోడకు చేర్చిన డబుల్ బ్యారెళ్ళు, నంబరు చీటీలు కట్టిన రివాల్వర్లు, పాత చొక్కాలో చుట్టిన భర్మార్లు. తుప్పు పట్టినవే ఎక్కువ. కొన్నింటి ట్రిగ్గర్ కదలదు. ప్రాణరక్షణకని తీసుకున్నవాటిని యజమానులు ఏళ్ళ తరబడి బీరువాలోంచి తీయలేదని చూడగానే తెలిసిపోతుంది. డిపాజిట్ చేసిన ఆ నెలన్నరలో వాళ్ళకేమైనా అయిందా అంటే, అయిన దాఖలా నాకు ఎదురుకాలేదు.

నిజంగా రక్తం పారిన చోట తుపాకులు లైసెన్సువి కావు. 2005 ఆగస్టు 15న నారాయణపేటలో మావోయిస్టులు మక్తల్ ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డిని, ఆయన కొడుకును, మరికొందరిని కాల్చి చంపారు. ఎమ్మెల్యేకు పోలీసు భద్రత లేక కాదు. 2015 ఏప్రిల్ మొదట్లో సూర్యాపేట బస్టాండ్‌లో రాత్రి బస్సు తనిఖీ చేస్తున్న పోలీసుల మీద దుండగులు కాల్పులు జరిపితే ఒక కానిస్టేబులు, ఒక హోంగార్డు చనిపోయారు. భువనగిరి నుంచి ఎదిగిన నయీం ముఠా ఏళ్ళ తరబడి ఆ ప్రాంతాన్ని గుప్పిట్లో పెట్టుకుంది, 2016 ఆగస్టులో షాద్‌నగర్ ఎన్‌కౌంటర్ దాకా. ఆయుధం పట్టుకుని శిక్షణ పొందినవాళ్ళనే దెబ్బ ముందు తాకితే, బీరువాలో తుపాకి పెట్టుకున్నవాడు తీసేలోపే పని అయిపోతుంది. దొంగతుపాకులు ఎక్కడ తయారవుతున్నాయో, ఏ దారిన వస్తున్నాయో పట్టుకోవడమే అసలైన తుపాకి నియంత్రణ.

డాలస్ నుంచి ఫోను

మా అన్న కొడుకు డాలస్‌లో ఉంటాడు. వాళ్ళ కాలనీలో మనవాళ్ళ ఇళ్ళలో బంగారం ఉంటుందని దొంగలు పడ్డారట. "చిన్నాయనా, పక్కింటాయన రెండు కొన్నడు. నన్ను గూడ కొనుమంటున్నడు" అన్నాడు. 1791 నాటి రెండో సవరణ అక్కడ ఆయుధాన్ని హక్కు చేసింది. ఇంట్లో ఆత్మరక్షణకు పిస్టల్ ఉంచుకోవడం వ్యక్తి హక్కని 2008లో, బయట వెంట తీసుకుపోవడం కూడా హక్కేనని 2022లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. స్మాల్ ఆర్మ్స్ సర్వే 2017 అంచనా ప్రకారం అక్కడ 100 మందికి 120 తుపాకులున్నాయి. మన దేశంలో దొంగవి కలిపినా 100 మందికి 5.

అన్ని తుపాకుల మధ్య మనవాళ్ళు ఎంత భద్రంగా ఉన్నారు? 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేథాలో, మా దేశం వదిలిపో అని అరుస్తూ ఒకడు జరిపిన కాల్పులకు హైదరాబాద్ ఇంజనీరు చనిపోయాడు. 2024 నవంబరులో అట్లాంటాలో చదువుకుంటున్న ఉప్పల్ కుర్రాడు, పుట్టినరోజునాడు తన వేట తుపాకి శుభ్రం చేస్తుండగా అది పేలి ప్రాణం పోగొట్టుకున్నాడు. ముప్పు ఎప్పుడూ బయటి నుంచే రాదు. ఇంట్లో తుపాకి ఉంటే కోపం వచ్చిన గడియకూ, తాగిన గడియకూ, చావాలనిపించిన గడియకూ, పిల్లల చేతులకూ అది అందుబాటులోనే ఉంటుంది. మావాడికి ఇదే చెప్పాను. కెమెరా పెట్టించు, బంగారం బ్యాంకులో పెట్టు, పక్కింటివాళ్ళతో మాట్లాడుకుని ఒకరి ఇల్లు ఒకరు చూసుకోండి అని.

నిజంగా ముప్పున్నవాళ్ళు లేరని నేను అనను. సాక్షులు, కులం దాటి పెళ్ళి చేసుకున్న జంటలు, ఇసుక దందా మీద ఫిర్యాదు చేసినవాళ్ళు, వీళ్ళది ఉత్త భయం కాదు. వీళ్ళ దరఖాస్తు వస్తే ఆస్తి చూడకుండా, సిఫార్సు చూడకుండా ముప్పును మాత్రమే చూడాలి. చట్టం చెప్పేదీ అదే. లైసెన్సు కన్నా ముందు వాళ్ళకు కావలసింది 112కు ఫోను చేస్తే వచ్చే బండి, ఫిర్యాదు రాసుకునే ఎస్సై, ఊళ్ళో గస్తీ. అట్లాగే ఏ జిల్లాలో ఎవరికి, ఏ కారణంతో లైసెన్సు ఇచ్చారో కారణాల వారీగా లెక్క ఏటా జనం ముందు పెట్టాలి. ముప్పు పోయినచోట రెన్యువల్ ఆపాలి. హోదా కోసం తుపాకి అడిగే ప్లాట్ల వ్యాపారికి కాదని, సాక్షికి కాపలా ఇచ్చే ఆఫీసే మన జిల్లాలకు కావాలి. తుపాకి గడిలోనే ఉండిపోతే ఏమవుతుందో నల్లగొండ ఒకసారి చూసింది. అది బీరువా బీరువాలోకీ చేరితే ఏమవుతుందో అమెరికా చూస్తోంది.